అనంతపురం ఎండలో హోమోసిస్టీన్ శాంపిల్స్: ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

మార్చి చివరి వారం

ఈ పని మొదలవడానికి కారణం ఒకే మనిషివి రెండు రిపోర్టులు. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన, షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని మేం శాంపిల్స్ చేసిపెట్టే ఫిజీషియన్ సార్ దగ్గరికొచ్చాడు. చేతిలో ఎక్కడో చేయించుకున్న హోమోసిస్టీన్ రిపోర్టు, అందులో 27. అదే వారంలో, మందు ఏదీ మార్చకముందే, సార్ మా ల్యాబులో మళ్లీ తీయిస్తే 17. సార్ రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి "ఏమప్పా, దీంట్లో ఏది నిజం?" అన్నారు. "మిషన్లు రెండూ నిజమే చెప్పుంటాయి సార్, ట్యూబు మిషన్ దాకా ఎట్లొచ్చిందో కనుక్కోవల్ల" అన్నాను.

కనుక్కుంటే పెద్ద రహస్యమేం లేదు. ఊళ్లో కలెక్షన్ పాయింట్లో పొద్దున ఏడుకి తీశారు, ఎర్ర మూత ప్లెయిన్ ట్యూబులో. బైకు కుర్రాడు నాలుగైదు ఊళ్లు తిరిగి మధ్యాహ్నానికి తీసుకెళ్లాడు, అక్కడి నుంచి ఇంకో బండి. సెంట్రిఫ్యూజ్‌లో (రక్తాన్ని గిర్రున తిప్పి కణాల్ని వేరుచేసే మిషన్) పడేసరికి సాయంత్రం. లిపిడ్ ప్రొఫైల్‌కైతే ఆ ఆలస్యం పెద్దగా లెక్కలోకి రాదు. హోమోసిస్టీన్‌కి మాత్రం ఆ పగలంతా లెక్కే.

ఎందుకంటే ఈ పరీక్షలో గొడవంతా ఎర్రకణాలతో. హోమోసిస్టీన్ అనేది మీథియోనిన్ అనే అమైనో ఆసిడ్ నుంచి మన ఒంట్లోనే తయారయ్యే సల్ఫర్ పదార్థం. శరీరం దాన్ని బి12, ఫోలేట్ సాయంతో తిరిగి మీథియోనిన్‌గా మారుస్తుంది, లేదా బి6 సాయంతో సిస్టీన్ దారి పట్టిస్తుంది. ఈ విటమిన్లు తక్కువైతే అది రక్తంలో పేరుకుంటుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బి12 పీల్చుకోవడం తగ్గుతుంది, పైగా మన పల్లెల్లో సంగటి, చెట్నీ, పప్పు తప్ప మాంసం ముక్క ఎప్పుడో ఆదివారం చూసేవాళ్లే ఎక్కువ. అందుకే సార్ ఈ పరీక్ష రాస్తారు. అయితే రక్తం ట్యూబులో పడ్డాక కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయి, తమ పని తాము చేసుకుంటూ హోమోసిస్టీన్‌ని తయారుచేసి ప్లాస్మాలోకి (కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవంలోకి) వదులుతూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకి దాదాపు పది శాతం, అంటే లీటరుకి సుమారు 1 మైక్రోమోల్ (రిపోర్టులో అంకెలు ఈ కొలతలోనే) పెరుగుతుందని ఈ పరీక్ష చేసేవాళ్లందరికీ తెలిసిన లెక్క. ఆ "మామూలు గది" 20 నుంచి 25 డిగ్రీల గది. అనంతపురంలో మార్చి దాటాక అట్లాంటి గది ఏసీ వేస్తే తప్ప దొరకదు.

ఇంకో చిక్కుంది. ఈ పెరుగుదల మొదట ఎంత ఉందన్నదాంతో పెద్దగా సంబంధం లేకుండా జరుగుతుంది. 60 ఉన్నవాళ్లకి నాలుగైదు పాయింట్లు ఎక్కువొచ్చినా వైద్యం మారదు. 12 ఉన్నవాళ్లకి అవే నాలుగైదు కలిస్తే 16, 17 అవుతుంది, 5 నుంచి 15 నార్మల్ అని రాసే రిపోర్టులో పక్కన "హై" అని పడుతుంది, మనిషి మాత్రల షాపుకి పోతాడు. అంటే శాంపిల్ ఆలస్యం వల్ల ఎక్కువ దెబ్బ తినేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లే.

సార్‌తో మాట్లాడి తేల్చుకున్నది ఇదీ: ఆయన దగ్గరికొచ్చే షుగరు పేషెంట్లలో మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి, వాళ్ల ఊళ్లకే మేం పోయి రక్తం తీస్తాం. హోమోసిస్టీన్, బి12, క్రియాటినిన్, పొటాషియం, టీఎస్‌హెచ్. కిడ్నీ సరిగా లేకపోయినా, థైరాయిడ్ తక్కువున్నా కూడా హోమోసిస్టీన్ పెరుగుతుంది కాబట్టి అవి పక్కన లేకుండా ఒక్క అంకె చూసి ఏం చెప్పలేం. వైద్యం సార్ చూసుకుంటారు. ఒంట్లో ఉన్న అంకెని మార్చకుండా మిషన్ దాకా తేవడం మా పని.

ఏప్రిల్, మొదటి ప్రయోగం

పేషెంట్ల జోలికి పోకముందు మా రక్తం మీదే చూసుకుందామని నేనూ మా టెక్నీషియన్ అమ్మాయీ పొద్దున్నే పరగడుపున వచ్చి కూర్చున్నాం. ఒకే సూదితో వరసగా పర్పుల్ మూత ఇడిటిఎ ట్యూబులు (రక్తం గడ్డకట్టనివ్వనివి), చివర్లో ఒక గ్రే మూత ఫ్లోరైడ్ ట్యూబు. ఒకటి వెంటనే తిప్పాం. కొన్ని ఏసీ లేని ముందు గదిలో స్టాండు మీదే వదిలేశాం, అక్కడ థర్మామీటర్ 34 చూపిస్తోంది. కొన్ని ఐస్ నీళ్లలో. ఒక్కోదాన్ని ఒక్కో టైముకి తిప్పి ప్లాస్మా వేరుచేసి, అన్నీ కలిపి సాయంత్రం ఒకే బ్యాచిలో, రెండు లెవెల్స్ కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన శాంపిల్స్) పాస్ అయ్యాకే నడిపాం. వేర్వేరు బ్యాచిల్లో నడిపితే మిషన్ ఊగిసలాట ఎంతో ట్యూబు తప్పు ఎంతో విడదీయలేం.

నావి ఇట్లా వచ్చాయి. వెంటనే తిప్పింది 13.6. ముందు గదిలో గంట ఉన్నది 15.0, రెండు గంటలున్నది 16.7, నాలుగు గంటలున్నది 19.9. ఐస్ నీళ్లలో నాలుగు గంటలున్నది 14.0. పొద్దున నేను నార్మల్, మధ్యాహ్నానికి నాకు హైపర్‌హోమోసిస్టీనీమియా! ఒక మనిషి రక్తం, ఒకసారి చేసింది, దీన్ని పట్టుకుని ఎవరూ సిద్ధాంతాలు కట్టక్కర్లేదు, కానీ గోడకి అతికించి మా స్టాఫ్‌కి చూపించడానికి ఇంతకన్నా మంచి కాగితం లేదు. నిజంగానే అతికించాను, స్టిక్కర్ మిషన్ పైన.

అమ్మాయి అంకెలు కూడా పెరిగాయి కానీ నావంత కాదు. ఆమె హిమోగ్లోబిన్ నాకన్నా తక్కువ. ఎర్రకణాలు తక్కువుంటే వదిలేది కూడా తక్కువే ఉండొచ్చు. అది గుర్తుంచుకున్నా, తర్వాత ఒక వాదనలో పనికొచ్చింది.

వెంటనే తిప్పి వేరుచేసిన ప్లాస్మాని చిన్న ట్యూబులో పోసి అదే 34 డిగ్రీల గదిలో మర్నాటి దాకా ఉంచి మళ్లీ నడిపితే 13.4. అంటే కదల్లేదు. కణాల నుంచి విడిపోయిన ప్లాస్మాలో హోమోసిస్టీన్ చాలా స్థిరంగా ఉంటుంది, బయట గదిలోనే కొన్ని రోజులు, ఫ్రిజ్‌లో వారాలు, ఫ్రీజర్‌లో ఏళ్లు. ఈ ఒక్క సంగతి మొత్తం ప్లాన్‌ని మార్చేసింది. అప్పటిదాకా మేం ఆలోచిస్తున్నది ఐస్ గురించి, ఎంత పెద్ద డబ్బా, ఎన్ని గంటలు చల్లగా ఉంటుంది, ఎంత స్పీడుగా టౌన్‌కి రావాలి అని. అసలు చేయాల్సింది సెంట్రిఫ్యూజ్‌ని ఊరికి తీసుకుపోవడం. అక్కడే తిప్పేస్తే తిరుగు ప్రయాణంలో టీ తాగుతూ వచ్చినా ఏం కాదు.

ఏప్రిల్, ట్యూబుల గొడవ

గ్రే ట్యూబు గురించి విడిగా రాసుకోవాలి, ఎందుకంటే ల్యాబుల్లో అందరూ చెప్పే చిట్కా అదే, "ఫ్లోరైడ్‌లో వేస్తే కణాలు చచ్చిపోతాయన్నా, షుగరు ఆగినట్టే ఇదీ ఆగిపోతుంది" అని. ఆగదు, నెమ్మదిస్తుంది. పైగా ఫ్లోరైడ్ ఉప్పు కణాల్లోంచి నీళ్లు బయటికి లాగి ప్లాస్మాని కొంచెం పలుచన చేస్తుంది, దాంతో అంకె ఒకవైపు పెరుగుతూ ఇంకోవైపు తగ్గుతూ రెండు తప్పులు కలిసి నిజంలా కనబడతాయి. నాది రెండు గంటల గ్రే ట్యూబు 14.1 వచ్చింది, చూడ్డానికి చక్కగానే ఉంది, కానీ ఏ తప్పు ఎంతో తెలియని అంకె నాకొద్దు.

ఎర్ర మూత ప్లెయిన్ ట్యూబు ఇంకా కష్టం. సీరం (గడ్డకట్టిన రక్తం పైన తేలే ద్రవం) కావాలంటే రక్తం గడ్డకట్టాలి, దానికి అరగంట నుంచి గంట, ఆ టైమంతా ఎర్రకణాలు పనిలోనే ఉంటాయి. పోనీ ఐస్‌లో పెడదామంటే చల్లదనానికి గడ్డ సరిగా కట్టదు, తిప్పాక కూడా ఫైబ్రిన్ పోగులు (గడ్డ తాలూకు దారాలు) మిగిలి, శాంపిల్ పీల్చే మిషన్ ప్రోబ్‌లో ఇరుక్కుంటాయి. నీలం మూత సిట్రేట్‌లో ద్రవం ముందే ఉంటుంది కాబట్టి పలుచనయ్యేదానికి లెక్క కట్టుకోవాలి. కణాలని నిజంగానే ఆపేసే ఆసిడ్ సిట్రేట్ ట్యూబులు ఉన్నాయి, అవి అనంతపురం డీలర్‌ని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. కాబట్టి పర్పుల్. చవక, ప్రతి కంపౌండరు చేతిలో ఉండేది, వెంటనే ఐస్‌లో పెట్టొచ్చు, వెంటనే తిప్పొచ్చు.

జెల్ ఉన్న ఇడిటిఎ ట్యూబులు కూడా చూశాం. తిప్పాక జెల్ అడ్డుగోడలా నిలబడుతుంది, ప్లాస్మాని పిపెట్ గొట్టంతో విడిగా తీసే పని ఉండదు. రేటు ఎక్కువ. ఒకసారి తిప్పిన జెల్ ట్యూబుని మళ్లీ తిప్పకూడదన్నది స్టాఫ్‌కి పదేపదే చెప్పాల్సి వస్తుంది, జెల్ కింద కణాలతో ఉండిపోయిన కాస్త ప్లాస్మా పైకి కలిసిపోతుంది. మా క్యాంపులకి మామూలు పర్పుల్, పక్కన ప్లాస్మా పోసుకునే చిన్న ఎపెండార్ఫ్ ట్యూబులు, అంతే.

మే, సెంట్రిఫ్యూజ్ ప్రయాణం

మా దగ్గర పాత రెమీ 8 ట్యూబులది ఒకటి మూలన పడి ఉంది. కార్బన్ బ్రష్‌లు మార్పించి, దుమ్ము దులిపి పెట్టాను. స్పీడు విషయంలో అందరికీ ఒక అలవాటు, 3000లో ఐదు నిమిషాలు. 3000 అనేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చెబుతుంది గానీ ట్యూబు అడుగున ఎంత బలం పడిందో చెప్పదు. టేపు పెట్టి కొలిస్తే మాది రోటర్ మధ్య నుంచి ట్యూబు అడుక్కి 11 సెంటీమీటర్లు. లెక్క సులువే: సెంటీమీటర్లలో వ్యాసార్థం, దాన్ని ఆర్‌పీఎం వర్గంతో గుణించి, మళ్లీ 0.00001118తో గుణించాలి. 3000లో దాదాపు 1100 జీ (భూమి ఆకర్షణకి అన్ని రెట్ల బలం) వస్తుంది, 3500లో 1500 దాటుతుంది. మాకు కావాల్సింది 1500కి తగ్గకుండా పది నిమిషాలు, కాబట్టి 3500. పెద్ద రోటర్ ఉన్నవాళ్లకి ఇదే బలం తక్కువ స్పీడులోనే వస్తుంది, మా అంకె కాపీ కొట్టొద్దు, టేపు పెట్టుకోండి.

ఊళ్లో వోల్టేజీ మీద నాకు నమ్మకం లేదు. లో వోల్టేజీలో మోటార్ తిరుగుతూనే ఉంటుంది, శబ్దం కూడా మామూలుగానే ఉంటుంది, స్పీడు మాత్రం పడిపోతుంది, పైన ప్లాస్మా మసకగా వస్తుంది. కారు బ్యాటరీకి ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తగిలించి నడిపి చూశాం, ఇంజిన్ ఆన్‌లో ఉంటే బాగానే లాగింది. డ్రైవర్ అన్న మాత్రం డీజిల్ ఖర్చు ఎవరిదని ముందే ఖాయం చేసుకున్నాడు.

ఐస్ పూర్తిగా మానలేం. తీసినప్పటి నుంచి తిప్పేదాకా ఇరవై నిమిషాలో ముప్పావు గంటో పడుతుంది, అంతసేపు ట్యూబులు ఐస్ నీళ్లలోనే. జ్యూస్ షాపులకి వచ్చే ఐస్ గడ్డని పగలగొట్టి స్టీలు డబ్బాలో నీళ్లతో కలిపి పెడతాం, అందులో ప్లాస్టిక్ స్టాండు. నీళ్లు కలపడం ముఖ్యం, ఉత్త ఐస్ ముక్కల మధ్య పెడితే ట్యూబుకి అక్కడక్కడే చల్లదనం తగులుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌కి ట్యూబుని ఆనించి పెట్టడం అన్నిటికన్నా చెడ్డది, ఆ పక్క రక్తం మంచులా గడ్డకట్టి కణాలు పగులుతాయి, తిప్పితే ప్లాస్మా ఎర్రగా వస్తుంది. డ్రైవర్ అన్న "ఉప్పేస్తే ఐస్ ఇంకా సేపుంటుంది గదన్నా, ఐస్‌క్రీమ్ వాళ్లు అదే చేస్తారు" అన్నాడు. ఉప్పేస్తే సున్నా కిందికి దిగుతుంది, అదే మనకొద్దు.

ఐస్ నీళ్లలో ఇంకో సమస్య, మాకు ఇంట్లోనే తెలిసొచ్చింది: పెన్నుతో రాసిన పేర్లు చెరిగిపోతాయి. పర్మనెంట్ మార్కర్, పైన పారదర్శక టేపు. మూత మీద కాదు, ట్యూబు మీదే రాయాలి, తిప్పేటప్పుడు మూతలు తారుమారైతే దేవుడే దిక్కు.

మే, మొదటి క్యాంపు

కళ్యాణదుర్గం దారిలో ఒక పల్లె. పెద్దాయన ఊరే. ఆశా అక్క ముందు రోజే ఇంటింటికీ పోయి చెప్పింది, రాత్రి ఎనిమిదికల్లా తినేయండి, పొద్దున నీళ్లు తప్ప ఏదీ వద్దు, షుగరు మాత్ర వేసుకోకుండా సంచిలో పెట్టుకుని రండి, తిన్నాక వేసుకుందురు అని. పంచాయతీ ఆఫీసు తెరిచిపెట్టారు. బల్ల ఊగుతోంది, అది పనికి రాదు, సెంట్రిఫ్యూజ్ అదిరి బల్ల మీద నడుచుకుంటూ పోతుంది. కింద నాపరాళ్ల నేల సమంగా ఉంది, దాని మీదే పెట్టాం. తాడిపత్రి రాయి ఇంత పనికొస్తుందనుకోలేదు.

పరగడుపు ఎందుకని చాలామంది అడిగారు. ఇడ్లీ లాంటి చిన్న టిఫిను తింటే హోమోసిస్టీన్ పెద్దగా మారదు, నిజమే. మాంసం, గుడ్లు దండిగా తిన్న భోజనం తర్వాత మాత్రం కొన్ని గంటలకి పది, పదిహేను శాతం దాకా పెరుగుతుంది. ఎవరు రాత్రి పొద్దుపోయాక ఏం తిన్నారో విచారణ పెట్టే ఓపిక మాకు లేదు, అందరికీ ఒకటే రూలు. షుగరోళ్లని ఎండెక్కేదాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం కూడా తప్పు, అందుకే ఆరింటికే మొదలుపెట్టి, రక్తం ఇచ్చినవాళ్లు ఇచ్చినట్టే బయట ఉగ్గాని, బజ్జీ తినేటట్టు హోటలాయనకి చెప్పిపెట్టాం. షుగరోళ్లకి బజ్జీలేంటని సార్ ఫోన్లో మందలించారు. బజ్జీలు ఒక్కొక్కటికి తగ్గాయి.

ఒక అవ్వ రెండు ట్యూబులు చూసి "ఏం సామీ, ఇంత నెత్తురు తీస్కపోయి యాడ పోస్తావు?" అంది. "రెండు టీ చెంచాలు గూడా గాదవ్వా" అంటే నవ్వి చెయ్యి చాపింది.

మేం పాటించిన పద్ధతి. మనిషి వచ్చాక కాసేపు కుర్చీలో కూర్చోవాలి, పడుకోబెట్టి తీయడం లేదు. పడుకుంటే రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పలుచనవుతుంది, హోమోసిస్టీన్‌లో ఎక్కువ భాగం ఆల్బుమిన్‌కే అతుక్కుని ఉంటుంది కాబట్టి అంకె కూడా దిగుతుంది. కొందరిని కూర్చోబెట్టి కొందరిని పడుకోబెట్టి తీస్తే పోల్చడానికి వీల్లేదు. చేతికి కట్టే పట్టీ నిమిషం లోపల వదిలేయాలి. ముందు ఎర్ర మూత, తర్వాత పర్పుల్, ఎందుకంటే పర్పుల్‌లో ఉండేది పొటాషియం ఇడిటిఎ, అది సూది ద్వారా తర్వాతి ట్యూబులోకి ఒక్క చుక్క పోయినా పొటాషియం అంకె పాడవుతుంది. పర్పుల్‌ని ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఆడించకూడదు. వెంటనే ఐస్ నీళ్లలోకి. ఎర్ర మూతవి మాత్రం బయటే, నీడలో, గడ్డకట్టేదాకా. బి12కి వెలుతురు పడదు కాబట్టి వాటిపైన నల్లగుడ్డ.

నలుగురివి తీయడం, ఆ నాలుగూ ఒక స్పిన్. ఇదీ మా తాళం. ఎక్కువమందివి పోగేసి ఒకేసారి ఎనిమిది తిప్పుదామని అమ్మాయి అంది, మిషన్‌కి అది లాభమే కానీ మొదటి ట్యూబు అంతసేపు ఆగాలి. ఎదురెదురు బరువు సరిపోవాలి కాబట్టి నాలుగు చక్కగా కుదురుతుంది, ముగ్గురే ఉంటే నీళ్ల ట్యూబు ఒకటి. తిప్పాక పైనున్న ప్లాస్మాలో ముప్పావు వంతే పిపెట్‌తో తీసుకున్నాం. కింద తెల్లటి పొర దాకా ఆశపడితే కణాలు వెంట వస్తాయి, అప్పుడు ఇంత కష్టపడి వేరుచేసి లాభం లేదు.

కాగితంలో రెండు గడులు: తీసిన టైము, తిప్పిన టైము. అంతకుముందు ఏ ఫారంలోనూ ఈ రెండోది చూళ్లేదు. నా దృష్టిలో హోమోసిస్టీన్ రిపోర్టులో అంకె తర్వాత ముఖ్యమైన సమాచారం అదే.

సూదులు తెల్ల డబ్బాలోకి, రక్తం దూది పసుపు సంచిలోకి, ట్యూబులు ఎర్ర సంచిలోకి. పంచాయతీ ఆఫీసు చెత్తబుట్టలో ఒక్క దూది కూడా వదలకూడదని ఆశా అక్క కన్నేసి ఉంచింది.

మే, ప్రశ్నలు అడగడం

రక్తం తీయడం కన్నా కష్టమైన పని ఇది. "విటమిన్ మాత్రలేమైనా వాడుతున్నారా?" అంటే అందరూ లేదంటారు. "బలం సూది వేయించుకున్నారా?" అంటే సగం మంది ఔనంటారు. ఊళ్లో నీరసంగా ఉందంటే వేసేది చాలాసార్లు బి కాంప్లెక్సో, బి12 ఇంజెక్షనో, దాంతో హోమోసిస్టీన్ దిగిపోతుంది, బి12 రిపోర్టు ఆకాశానికి పోతుంది. అందుకని ప్రశ్న మార్చాం. సంచిలో మాత్రల అట్టలన్నీ తెమ్మన్నాం, మేమే చూసి రాసుకున్నాం. ఫోలిక్ యాసిడ్ ఉందా, గ్యాసు మాత్ర రోజూ వేస్తున్నారా, కీళ్లవాపుకి మెథోట్రెక్సేట్ ఉందా, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ ఉందా, కొవ్వుకి ఫెనోఫైబ్రేట్ ఉందా. ఇవన్నీ అంకెని కదిలించేవే. మందు మానమని ఎవరికీ చెప్పలేదు, రాసుకోవడం వరకే మా పని.

ఒకాయన అట్టలన్నీ కత్తిరించి విడి మాత్రలు డబ్బాలో పోసుకొచ్చాడు. అవి ఏంటో ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు. ఫారంలో అట్లే రాశాం.

జూన్, పోల్చి చూసుకోవడం

రెండో ఊళ్లో క్యాంపు అప్పుడు మళ్లీ నా రక్తమే ఇచ్చాను. ఒక ట్యూబు అక్కడే తిప్పాం, ఒకటి ఐస్ నీళ్లలో టౌన్‌కి తెచ్చి తిప్పాం, ఒకటి సంచిలో ఊరికే వేసుకొచ్చాం, బైకు కుర్రాడి పద్ధతిలో. మొదటి రెండూ ఒకదానికొకటి అరపాయింటు లోపల ఉన్నాయి, అంత తేడా మిషన్ తనంతట తానే చూపిస్తుంది. సంచిది మాత్రం "హై". పెద్దాయనది కూడా క్యాంపు పద్ధతిలో 16.4 వచ్చింది, టౌన్లో తీసిన 17కి దగ్గర. ఆ పాత 27లో పది పాయింట్లు ఆయనవి కావు, దారివి.

ఒక అక్కకి 48 వచ్చింది. మొదట అందరం కాగితంలో టైము గడి చూశాం, తీసిన పావుగంటకే తిప్పినట్టుంది, ప్లాస్మా ఎర్రగా కూడా లేదు, కంట్రోల్స్ సరిగ్గా ఉన్నాయి. బి12 అడుగంటింది, క్రియాటినిన్ నార్మల్. కాబట్టి ఆ 48 ఆమెదే. సార్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, రెండు నెలల తర్వాత మళ్లీ తీస్తాం. 15 నుంచి 30 ఒక మోస్తరు, 30 నుంచి 100 మధ్యస్థం, 100 దాటితే తీవ్రం అని విభజన. 100 దాటితే చిన్నప్పటి నుంచి ఉండే హోమోసిస్టినూరియా లాంటి ఎంజైమ్ లోపాల గురించి కూడా ఆలోచించాల్సి వస్తుంది. ఆ జబ్బుని ఐర్లాండ్ ద్వీపంలో, బెల్‌ఫాస్ట్‌లో 1962లో మొదట వర్ణించారు. మాకు అట్లాంటిది తగల్లేదు.

మా ల్యాబులోనే ఒక వాదన నడిచింది. గంటకి పది శాతమని తెలుసు కదా, ఆలస్యమైన శాంపిల్స్‌కి అంత తగ్గించి రిపోర్టు ఇస్తే పోలేదా అని. పోదు. పది శాతం అనేది సగటు మాట. వేడి పెరిగితే మారుతుంది, ఎర్రకణాల సంఖ్యని బట్టి మారుతుంది, నా ట్యూబులూ అమ్మాయి ట్యూబులూ ఒకే గదిలో ఒకే టైము ఉండి కూడా ఒకేలా పెరగలేదు. మార్చిలో పొద్దున బైకు మీద ఉన్న గంటా, మేలో మధ్యాహ్నం బస్సు డిక్కీలో ఉన్న గంటా ఒకటేనా? తీసేయాల్సిన అంకె తెలీనప్పుడు శాంపిలే వెనక్కి పంపాలి. గంట దాటి తిప్పని పర్పుల్ ట్యూబుకి మేం హోమోసిస్టీన్ చేయం, ఐస్‌లో వచ్చినా సరే. ఐస్‌లో ఇంకొన్ని గంటలు ఆగుతుందని నా ట్యూబే చెబుతోంది, కానీ వాళ్ల డబ్బాలో ఐస్ ఎప్పుడు కరిగిందో నాకెవరు చెబుతారు.

ఫ్రీజర్ గురించి ఒక మాట. రీజెంట్ (పరీక్షకి వాడే కెమికల్) ఖరీదు కాబట్టి రోజూ నడపం, ప్లాస్మాలు ఫ్రీజర్‌లో పెట్టి వారానికోసారి బ్యాచి. కరిగించాక ట్యూబుని బాగా కలపాలి. గడ్డకట్టి కరిగిన ప్లాస్మాలో పైన నీళ్లలా, కింద చిక్కగా పొరలు పడతాయి, కలపకుండా ప్రోబ్ పెడితే పైనున్న నీళ్లనే కొలుస్తుంది. కలిపాక ఒకసారి తిప్పి, తేలిన ఫైబ్రిన్ కిందికి దించాకే మిషన్ ఎక్కిస్తున్నాం. మేం వాడేది ఎంజైమ్ సైక్లింగ్ కిట్, ప్రొటీన్‌కి అతుక్కున్న హోమోసిస్టీన్‌ని ముందు విడిపించి, చివరికి 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ (ఆ రియాక్షన్‌లో ఖర్చయ్యే పదార్థం) ఎంత తగ్గిందో చూస్తుంది. ప్లాస్మా ఎర్రగా ఉన్నా, కొవ్వుతో పాలలా ఉన్నా ఈ చూపుకే అడ్డం, అవి మళ్లీ తీయాల్సిందే.

జూన్ చివర

సార్ పాత ఫైళ్లు తెరిచారు. హోమోసిస్టీన్ "హై" అని విటమిన్లు రాసినవాళ్లు చాలామందే ఉన్నారు, ఏ రిపోర్టు మీదా తిప్పిన టైము లేదు. అందర్నీ మళ్లీ పిలవడం కుదరదు. ఇద్దరం కూర్చుని ఇట్లా విడదీశాం: 30 పైనుండి బి12 కూడా తక్కువున్నవాళ్లని కదిలించక్కర్లేదు, దారిలో నాలుగైదు పాయింట్లు కలిసినా వాళ్ల జబ్బు నిజమే. 15 నుంచి 25 మధ్య ఉండి, బి12 నార్మల్‌గా ఉన్నవాళ్లని మాత్రం పిలిచి మళ్లీ తీయాలి. ఆ జాబితాలో సగం మంది గుండె గురించి భయపడి మాత్రలు మింగుతున్నవాళ్లే. విటమిన్లతో హోమోసిస్టీన్ దిగుతుంది, కానీ దాంతో గుండెపోట్లు తగ్గాయని 2006లో వచ్చిన హోప్-2 లాంటి పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు. పక్షవాతం సంగతిలో కొంత మేలు కనబడింది. ఆ తగాదా డాక్టర్లది, నేను దిగను.

కలెక్షన్ పాయింట్ల వాళ్లతో కూడా మాట్లాడాం. సెంట్రిఫ్యూజ్ కొనమంటే రోజుకి ఎన్ని హోమోసిస్టీన్లు వస్తాయన్నా అని అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. నెలకి నాలుగు వచ్చేచోట ఎవరు కొంటారు? ఒప్పుకున్నది ఇంతే: ఈ ఒక్క పరీక్షకి వాళ్లు తీయరు, పేషెంటుని పొద్దున బస్సుకి మా దగ్గరికే పంపుతారు, మిగతా పరీక్షల కమిషన్ వాళ్లకి మామూలుగానే ఉంటుంది. ఇద్దరు వెంటనే సరేనన్నారు, ఒకాయన ఆలోచించి చెబుతానన్నాడు.

తర్వాతి క్యాంపు ఉరవకొండ వైపు. అక్కడ పొద్దున పూట కరెంటు ఎప్పుడు పోతుందో లైన్‌మన్‌ని అడిగి తేదీ ఖాయం చేయాలి, ఇన్వర్టర్‌కి ఫ్యూజులు రెండు ఎక్కువ కొనాలి, ఫారంలో "తిప్పిన టైము" గడిని కాస్త పెద్దది చేసి ప్రింటుకివ్వాలి, ఇప్పుడున్న దాంట్లో రెండు అంకెలు కూడా పట్టట్లేదని అమ్మాయి గొడవ చేస్తోంది.